సముద్ర లైనర్ల మలి జన్మ: పాత ప్రయాణికుల ఓడలు విహార నౌకలైన వైనం

రాసిపెట్టిన తేదీకి, రాసిపెట్టిన రేవుకు, తుఫానొచ్చినా ఆగకుండా మనుషుల్నీ టపానీ చేరవేసే పెద్ద ఓడను లైనర్ అంటారు. ఎక్కిన రేవులోనే మళ్లీ దింపేసేలా నాలుగు దీవులు చుట్టబెట్టి తీసుకొచ్చేది విహార నౌక, వాడుకలో క్రూయిజ్ షిప్. 1960 నుంచి 1990ల దాకా మొదటి రకం ఓడలు డజన్లకొద్దీ రెండో రకంగా మారాయి. ఇవాళ ఇరవై అంతస్తుల ఓడలు నడుపుతున్న కంపెనీల్లో కొన్ని తొలి సంపాదన చూసింది అలా సెకండ్‌హ్యాండ్‌లో కొన్న లైనర్ల మీదే.

మార్పిడి అంటే రంగు వేసి పేరు మార్చడం కాదు. లైనర్‌కు ఏవి గొప్ప గుణాలో అవే విహారానికి అడ్డం వచ్చాయి: విపరీతమైన వేగం, నీటిలో లోతుగా మునిగే దేహం, తరగతుల మధ్య గోడలు. వాటిని ఎంతవరకు వదిలించుకోగలిగారన్న దాన్ని బట్టే ఒక్కో ఓడ మరో ముప్ఫయ్యేళ్లు బతికింది, లేదా తుక్కుకు పోయింది. అందం, పేరుప్రతిష్ఠలు ఆ లెక్కలో పెద్దగా పనిచేయలేదు.

జెట్ విమానానికి ముందు

ఈ ఆలోచన జెట్ యుగంతో పుట్టింది కాదు. పీ అండ్ ఓ కంపెనీ 1858లో కట్టించిన సిలోన్ అనే ఆవిరి ఓడను 1881లో మరొకరు కొని, డబ్బున్నవాళ్లు ప్రపంచం చుట్టి రావడానికి విహార నౌకగా మార్చారు. అంతకన్నా ఆసక్తికరమైనది జర్మనీకి చెందిన డాయిచ్‌లాండ్. 1900లో అట్లాంటిక్ వేగ రికార్డు దానిదే. అయితే ఆ వేగానికి ఓడ మొత్తం వణికిపోయేది. వెనక వైపు కేబిన్లలో పడుకున్నవాళ్లకు నిద్ర ఉండేది కాదు. యజమాని హాంబర్గ్–అమెరికా లైన్ విసిగిపోయి 1910–11లో దాని ఇంజన్ల శక్తి బాగా తగ్గించి, తెల్లరంగు వేసి, విక్టోరియా లూయిజె అన్న పేరుతో విహారాలకు పంపింది. వేగం తీసేసి సుఖం అమ్ముకోవడం అనే సూత్రం అప్పుడే రుజువైంది. కానీ మిగిలిన కంపెనీలకు ఆ అవసరం మరో యాభై ఏళ్ల వరకు రాలేదు. చలికాలంలో టిక్కెట్లు అమ్ముడుపోనప్పుడు లైనర్లను కొన్నాళ్లు ఎండ దేశాలకు తిప్పడంతో సరిపెట్టుకున్నారు.

1958లో ఆ వెసులుబాటు పోయింది. అక్టోబరు 4న బ్రిటిష్ కంపెనీ బీఓఏసీ కామెట్ విమానాలు, అదే నెల 26న పాన్ అమెరికన్ బోయింగ్ 707లు అట్లాంటిక్ మీద జెట్ సర్వీసులు మొదలుపెట్టాయి. ఓడలో అయిదు రోజుల ప్రయాణం విమానంలో ఏడెనిమిది గంటలకు దిగింది. ఆ ఏడాది అట్లాంటిక్‌ను ఓడలో దాటినవాళ్ల కన్నా గాలిలో దాటినవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత 1973–74లో చమురు ధర నాలుగింతలైంది. ముప్ఫయ్ నాట్ల వేగంతో పరుగెత్తడానికి కట్టిన ఆవిరి ఓడలకు అది చావుదెబ్బ. విచిత్రమేమంటే జెట్ విమానమే మరో చేత్తో విహార నౌకలకు ప్రాణం పోసింది. చికాగో, న్యూయార్క్ మనిషి మూడు గంటల్లో మయామీలో దిగి, ఆ సాయంత్రమే కరీబియన్ ఓడ ఎక్కగలిగాడు.

ఏం మార్చాల్సి వచ్చేది

ఉత్తర అట్లాంటిక్ లైనర్ చలికీ అలలకూ కట్టింది. డెక్కుల మీద నడిచే వసారాలకు అద్దాలు బిగించి ఉండేవి, ఈతకొలను ఓడ అడుగున ఎక్కడో గది లోపల ఉండేది, ఎండ కాగడానికి చోటే ఉండేది కాదు. విహార ప్రయాణికుడు కట్టిన డబ్బు అచ్చంగా ఆ ఎండకే. అందుకని మార్పిడిలో మొదటి పని ఓడ వెనక భాగంలో మెట్లు మెట్లుగా ఉండే డెక్కులను పొడిగించి, విశాలమైన బయలు చేసి, అక్కడ కొలను తవ్వడం. రెండోది మొత్తం ఓడకు ఏసీ. మూడోది స్నానాల గదులు. 1950ల నాటి టూరిస్టు తరగతి కేబిన్లలో చాలావాటికి సొంత మరుగుదొడ్డి లేదు. వరండా చివర ఉమ్మడివి వాడుకోవాలి. వేలాది అడుగుల కొత్త గొట్టాలు, మంచినీటి ట్యాంకులు, మురుగునీటి ఏర్పాటు, వీటన్నిటికీ సరిపడా కరెంటు. పాత మండువా లోగిలిని లాడ్జి చేయబోతే ఎదురయ్యే తంటాలే ఇవి: గోడలు బ్రహ్మాండంగా ఉంటాయి, బాత్రూము ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియదు.

సరుకు గదులు ఖాళీగా ఉన్నాయి కదా అని వాటిలో కేబిన్లు పెట్టేవారు. కానీ పాత ఓడల డెక్కులు బల్లపరుపుగా ఉండవు. అలలతో డెక్కు మీద పడే నీరు జారిపోవడానికి మధ్య నుంచి రెండు పక్కలకు వాలు, ముందు నుంచి వెనక్కి తొట్టిలా వంపు. ఆధునిక నౌకల్లో చేసినట్టు ఫ్యాక్టరీలో తయారైన కేబిన్ పెట్టెలను తెచ్చి వరసగా జొప్పిద్దామంటే ఏ రెండు చోట్లా కొలతలు కలవవు. ప్రతి గోడనూ అక్కడికక్కడ కొలిచి కోయాల్సిందే. పైన కొత్త డెక్కులు వేస్తే పై బరువు పెరిగి ఓడ ఒరుగుతుంది; దానికి విరుగుడుగా అడుగున శాశ్వత బరువులు వేయాలి, లేదా వెనక నీటిమట్టం దగ్గర ఓడ దేహాన్ని (హల్) బాతు తోకలా వెడల్పు చేయాలి.

తరగతుల గోడల సంగతి వేరు. మొదటి తరగతి వాళ్లకు మూడో తరగతి వాళ్లు ఎదురుపడకుండా ఓడను నిలువునా కోసినట్టు కట్టేవారు. ఒక్కో తరగతికి ఒక భోజనశాల, ఒక మెట్ల వరస, ఒక కొలను. అందరూ అన్నిచోట్లా తిరగాల్సిన విహార నౌకలో ఇది పద్మవ్యూహమవుతుంది. ఈ చిక్కును కట్టేటప్పుడే పసిగట్టినవాళ్లు డచ్చివాళ్లు. 1959లో దిగిన రోటర్‌డామ్‌లో తరగతులను డెక్కుల వారీగా అడ్డంగా విడదీశారు. రెండు మెట్ల వరసలను ఒకదానిలో ఒకటి పెనవేసినట్టు కట్టి, మధ్యలో జరిపే తలుపులు పెట్టారు. తలుపు మూస్తే రెండు తరగతులు, తెరిస్తే ఒకటే. పదేళ్ల తర్వాత అది అట్లాంటిక్ సర్వీసు మానేసి పూర్తికాలం విహారాలకు మళ్లినప్పుడు పెద్ద కోతలేమీ అవసరపడలేదు. లైనర్లు కట్టినవాళ్లలో ఇంత ముందుచూపు ఉన్నవాళ్లు అరుదు.

ఫ్రాన్స్ నార్వే అయింది

మార్పిడుల్లో అన్నిటికన్నా పెద్దదీ, అన్నిటికన్నా ఎక్కువ నేర్పిందీ ఫ్రాన్స్. 1960 మే 11న సెయింట్ నజేర్‌లో అధ్యక్షుడు డీగాల్ సమక్షంలో ఆయన భార్య ఇవోన్ దాన్ని నీటిలోకి దింపారు. 1962 ఫిబ్రవరిలో న్యూయార్క్‌కు తొలి ప్రయాణం. దాదాపు 316 మీటర్ల పొడవుతో అప్పటికి ప్రపంచంలో అతి పొడవైన ప్రయాణికుల ఓడ అదే. ఎనిమిది బాయిలర్లు, నాలుగు ప్రొపెల్లర్లు, ముప్ఫయ్ నాట్లకు పైగా వేగం. జెట్ విమానాలు వచ్చిన నాలుగేళ్లకు ఇది దిగడం చూస్తే అప్పటి ఫ్రాన్స్ ప్రభుత్వానికి లెక్కల కన్నా జెండా ముఖ్యమని తెలుస్తుంది. 1972లోనూ 1974లోనూ ప్రపంచయాత్ర చేయించారు గానీ అది పనామా కాలువలో పట్టలేదు. దక్షిణ అమెరికా కొస చుట్టి రావాల్సి వచ్చింది.

1974లో ప్రభుత్వం సబ్సిడీ ఆపేసింది. కాంకర్డ్ విమానం మీద పెడుతున్న ఖర్చే భారంగా ఉన్న రోజులవి. సెప్టెంబరులో సిబ్బంది తిరగబడి ల హావ్ర్ రేవు ముఖద్వారం దగ్గర ఓడను స్వాధీనం చేసుకుని లంగరు వేసేశారు. కొన్ని వారాల పంతం తర్వాత చేతులెత్తేశారు. ఓడ ఓ మూలన కట్టేసి నాలుగేళ్లు పడి ఉంది. మధ్యలో సౌదీ వ్యాపారి అక్రమ్ ఓజ్జే కొన్నాడు కానీ ఏమీ చేయలేదు.

1979లో నార్వేజియన్ కరీబియన్ లైన్ యజమాని క్నూట్ క్లోస్టర్ దాన్ని 1.8 కోట్ల డాలర్లకు కొన్నాడు. అప్పటికి మయామీ నుంచి తిరిగే విహార నౌకలు చాలావరకు ఇందులో సగం కూడా ఉండేవి కావు. అంత పెద్ద ఓడను వారం వారం ఎవరితో నింపుతాడని పోటీదారులు నవ్వారు. ఓడను జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌కు లాక్కెళ్లి లాయిడ్ వెర్ఫ్ట్ యార్డులో పెట్టారు. డిజైన్ డెన్మార్క్ ఇంజనీరు టాగె వాండ్‌బోర్గ్‌ది. మార్పిడికి ఎనిమిది కోట్ల డాలర్ల పైనే అయింది, అంటే కొన్న ధరకు నాలుగింతలు.

వాండ్‌బోర్గ్ చేసిన పనుల్లో ధైర్యమైనది సగం ఓడను ఆపేయడం. రెండు ఇంజన్ గదుల్లో ముందుదాన్ని మూసేశాడు. బయటి వైపు ప్రొపెల్లర్లు రెండింటినీ ఊడబీకించాడు. మిగిలిన రెండింటితో పదహారు, పద్దెనిమిది నాట్లలో ఓడ తీరిగ్గా నడిచింది. కరీబియన్‌లో మయామీ నుంచి సెయింట్ థామస్‌కు వెళ్లడానికి అంతకన్నా తొందరేమీ లేదు. నూనె ఖర్చు గణనీయంగా పడిపోయింది. పాత ఓడకు రేవులో అటూ ఇటూ తిరగాలంటే టగ్గులు కావాలి. అందుకని ముందూ వెనకా హల్‌లో అడ్డంగా సొరంగాలు కోసి, పక్కకు తోసే థ్రస్టర్లు పెట్టారు.

లోతు మాత్రం తగ్గించలేకపోయారు. ఓడ పదిమీటర్ల పైన నీటిలో మునిగే ఉంటుంది, కరీబియన్ దీవుల రేవుల్లో చాలావాటికి అంత లోతు లేదు. దీనికి దొరికిన ఉపాయం ముచ్చటైనది. ముందు డెక్కు మీద రెండు పెద్ద పడవలను ఎక్కించి పెట్టారు. యుద్ధంలో సైనికుల్ని ఒడ్డుకు దించే పడవల లాంటివి. ముందు తలుపు కిందికి పడుతుంది, నాలుగు వందల మంది నేరుగా ఇసుక మీదికి నడిచి దిగొచ్చు. ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడేది.

లోపల మాత్రం పాత ఓడను చాలావరకు గౌరవించారు. మొదటి తరగతి భోజనశాలను దాని గుమ్మటంతో, గుమ్మం నుంచి కిందికి దిగే మెట్లతో అలాగే ఉంచారు. అద్దాలు బిగించిన రెండు పొడవాటి వసారాలను దుకాణాల వీధులుగా మార్చి ఒకదానికి ఫిఫ్త్ అవెన్యూ, రెండోదానికి షాంజెలీజె అని పేర్లు పెట్టారు. సుమారు రెండు వేల మంది ఒకేసారి ఎక్కే ఈ ఓడలో నాటకాలు, సంగీత ప్రదర్శనలు పెద్ద ఎత్తున పెట్టారు. దీవులు చూడటానికి ఓడ ఎక్కడం పోయి, ఓడ చూడటానికే టిక్కెట్టు కొనడం మొదలైంది. 1980 వేసవిలో ఓస్లో మీదుగా మయామీ చేరిన నార్వే విజయం చూశాకే మిగతా కంపెనీలు డెబ్భై వేల టన్నుల కొత్త ఓడలకు ఆర్డర్లిచ్చాయి. 1988లో దిగిన సావరిన్ ఆఫ్ ద సీస్ ఆ వరసలో మొదటిది. అంటే మార్పిడి ఓడే, మార్పిడి ఓడల అవసరమే లేకుండా చేసే ఓడలకు దారి చూపింది. 1990లో నార్వే మీద మరో రెండు డెక్కుల ఖరీదైన కేబిన్లు పేర్చారు. ఆదాయం పెరిగింది గానీ, ఓడల రూపురేఖలు తెలిసినవాళ్లెవరూ ఆ పనిని క్షమించలేదు. ఫొటోలు చూస్తే వాళ్ల బాధ అర్థమవుతుంది.

చేతిలో డబ్బు లేనివాళ్ల దారి

క్లోస్టర్ లాగా ఖర్చుపెట్టగలిగినవాళ్లు తక్కువ. టెడ్ అరిసన్ 1972లో కార్నివాల్ కంపెనీ పెట్టినప్పుడు ఉన్నది ఒకే ఓడ, అదీ కెనడియన్ పసిఫిక్ వదిలించుకున్న 1961 నాటి ఎంప్రెస్ ఆఫ్ కెనడా. పేరు మార్డీ గ్రా అని మార్చారు. పొగగొట్టం మీద పాత కంపెనీ గుర్తును పూర్తిగా చెరిపే బదులు, దానికే ఎరుపు, తెలుపు, నీలం రంగులు దిద్ది తమ గుర్తు చేసుకున్నారు. ఈనాటికీ కార్నివాల్ ఓడల మీద కనిపించేది దాని వారసురాలే. తొలి ప్రయాణంలోనే, ఆ మార్చిలో, ఓడ మయామీ రేవు దాటుతూ ఇసుక మేటలో కూరుకుపోయి ఒక రోజు కదల్లేదు. ఒడ్డున ఉన్నవాళ్లు ‘మార్డీ గ్రా ఆన్ ద రాక్స్’ అన్న పేరుతో కాక్‌టెయిల్ కలుపుకుని తాగారని ఇప్పటికీ చెప్పుకుంటారు. యార్డులో పెట్టి బాగుచేయించడానికి డబ్బు లేక, ప్రయాణికులు ఒక పక్క ఉండగానే మరో పక్క గదులు బాగుచేసుకుంటూ నడిపారు. 1975లో ఒకప్పటి ఎంప్రెస్ ఆఫ్ బ్రిటన్‌ను కొని కార్నివేల్ అని, ఆ తర్వాత దక్షిణాఫ్రికా టపా ఓడ ట్రాన్స్‌వాల్ కాజిల్‌ను కొని ఫెస్టివేల్ అని పేర్లు పెట్టారు. మూడోదాన్ని జపాన్‌లోని కోబేకు పంపి కవాసాకి యార్డులో సరుకు గదుల నిండా కేబిన్లు పెట్టించి, ఎక్కే మనుషుల సంఖ్యను దాదాపు రెట్టింపు చేయించారు.

గ్రీకు చాండ్రిస్ సోదరులు మరీ పొదుపరులు. 1932లో అమెరికాలో కట్టిన మాంటెరీని బ్రిటానిస్‌గా మార్చి 1990ల దాకా నడిపారు. అరవై ఏళ్లు దాటిన ఆవిరి ఓడ టంచనుగా బయల్దేరడం ఆ ఇనుము ఎంత మందమో చెబుతుంది. ఇటాలియన్ నేపథ్యం ఉన్న సిట్మార్ మాత్రం కునార్డ్ నుంచి కారింథియా, సిల్వేనియాలను కొని ట్రియెస్టెలో 1970–72 మధ్య లోపలంతా ఖాళీ చేయించి కొత్తగా కట్టించింది. ఫెయిర్‌సీ, ఫెయిర్‌విండ్ అన్న పేర్లతో అవి అమెరికన్ మార్కెట్లో బాగా నిలదొక్కుకున్నాయి.

తెలుగువాళ్లకు పరిచయమున్న కంపెనీ ఒకటి వేరే దారి తొక్కింది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి కూలీలనూ వ్యాపారులనూ రంగూన్‌కు చేరవేసిన బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్, వలస పాలన ముగిసి ఓడలు ఖాళీ అయ్యాక బడిపిల్లల విహారాలు పెట్టింది. సైనికుల్ని మోసిన డునేరా, డెవోనియా, నెవాసాలను 1961 నుంచి వరసగా ఇందుకు మళ్లించారు. తూర్పు ఆఫ్రికా లైనర్ ఉగాండాను 1967–68లో హాంబర్గ్‌లో మార్చారు. సుమారు తొమ్మిది వందల మంది పిల్లలకు వసతి గదులు, తరగతి గదులు, ఒక పక్క విడిగా పెద్దల కేబిన్లు. ఖరీదైన హంగులేమీ అక్కర్లేని ప్రయాణికులు కాబట్టి మార్పిడి చవకలో ముగిసింది.

కుదరని బేరాలు

అన్నీ మారలేదు. ఇటలీ 1965లో దింపిన మికెలాంజెలో, రఫాయెల్లో అమ్మకానికి వచ్చేసరికి పదేళ్ల ఓడలు, చూడ్డానికి చాలా బాగుండేవి. కానీ మూడు తరగతుల గోడలు, కింది డెక్కుల్లో కిటికీ అన్నదే లేని కేబిన్లు, పెద్ద లోతు. కొనడానికి వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోయారు. చివరికి 1977లో ఇరాన్ షా ప్రభుత్వం నౌకాదళ సిబ్బంది వసతి కోసం కొనేసింది. రఫాయెల్లో ఇరాక్‌తో యుద్ధ కాలంలో బుషెహర్ దగ్గర మునిగిపోయింది. మికెలాంజెలో 1991లో పాకిస్తాన్‌లోని గదానీ తీరంలో తుక్కయింది.

కునార్డ్ 1965–66లో పాత క్వీన్ ఎలిజబెత్‌కు వెనక కొలను కట్టి, ఏసీ పెట్టి విహారాలకు సిద్ధం చేసింది. 83 వేల టన్నుల ఆ ఓడకు ఎంత చేసినా నూనె ఖర్చు తగ్గలేదు. 1968లో అమ్మేశారు. హాంకాంగ్ నౌకా వ్యాపారి సీ.వై. టుంగ్ దాన్ని తేలే విశ్వవిద్యాలయంగా మార్చాలనుకున్నాడు. పని పూర్తికావస్తుండగా 1972 జనవరి 9న హాంకాంగ్ రేవులో తగలబడి ఒరిగిపోయింది.

పీ అండ్ ఓ కాన్‌బెర్రా కథ కుదిరిన బేరాలకూ కుదరని బేరాలకూ మధ్యది. ఆస్ట్రేలియా వలసల కోసం 1961లో దిగిన ఆ ఓడను 1973లో న్యూయార్క్ నుంచి కరీబియన్‌కు తిప్పబోతే జనం రాలేదు, రేవుల్లోకి వెళ్లడానికి లోతు చాలలేదు. తుక్కుకు పంపాలని నిర్ణయించి, మళ్లీ మనసు మార్చుకుని సౌతాంప్టన్ నుంచి బ్రిటిష్ జనాన్ని ఎక్కించి చూశారు. ఇంజన్లు వెనక ఉండటంతో ఓడ నడిమధ్యన గాలి తగలని ఎండ డెక్కులు ఉండేవి, అవే కలిసొచ్చాయి. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికి సైనికుల్ని మోసుకెళ్లి వచ్చాక దాని పేరు మారుమోగి మరో పదిహేనేళ్లు నడిచింది. 1997లో గదానీకి పంపితే అదే లోతు మళ్లీ అడ్డం. మిగతా ఓడల్లా ఒడ్డు దాకా రాలేక దూరంలోనే ఇరుక్కుంది. మూడు నెలల్లో విరిచేద్దామనుకున్నవాళ్లకు ఏడాది పట్టింది.

ఇంజన్ మార్పిడి

ఆవిరి ఓడకు హల్ గట్టిగా ఉన్నా బాయిలర్లు, టర్బైన్లే గుదిబండ. విడిభాగాలు దొరకవు, తెలిసిన ఇంజనీర్లు రిటైరవుతున్నారు, నూనె తాగుడు ఎక్కువ. దీనికి తెగించి వైద్యం చేసింది కునార్డ్ ఒక్కటే అనాలి. 1969లో దిగిన క్వీన్ ఎలిజబెత్ 2ను మొదట్నుంచే రెండు రకాలుగా పనికొచ్చేలా కట్టారు: పాత క్వీన్‌ల కన్నా లోతు తక్కువ, పనామా కాలువలో పట్టే వెడల్పు, పై బరువు తగ్గించడానికి అల్యూమినియం. 1986 చివర్లో దాన్ని లాయిడ్ వెర్ఫ్ట్‌కే పంపి, పొగగొట్టం తీసేసి, ఆ కంత లోంచే మూడు బాయిలర్లనూ టర్బైన్లనూ ముక్కలుగా పైకి లాగి, అదే దారిలో తొమ్మిది మ్యాన్ డీజిల్ ఇంజన్లను కిందికి దింపారు. ఒక్కోటి రెండు వందల టన్నుల పైమాట. అవి కరెంటు తయారుచేస్తాయి, ఆ కరెంటుతో రెండు భారీ మోటార్లు ప్రొపెల్లర్లను తిప్పుతాయి. 179 రోజుల పని, పది కోట్ల పౌండ్లకు పైగా ఖర్చు. నూనె దాదాపు మూడో వంతు మిగిలింది. ప్రొపెల్లర్ల వెనక స్వేచ్ఛగా తిరిగే అదనపు చక్రాలు అమర్చి ఇంకొంత పొదుపు చేద్దామనుకున్నారు గానీ, పరీక్ష ప్రయాణంలోనే వాటి రెక్కలు ఊడి సముద్రంలో పడ్డాయి, తీసేసి ఊరుకున్నారు. అలా మారిన ఓడ 2008 దాకా నడిచింది.

మొదట్నుంచీ డీజిల్‌తో పుట్టిన ఓడలకు ఈ బాధ లేదు. 1965లో తూర్పు జర్మనీలో కట్టిన సోవియట్ లైనర్ అలెక్సాందర్ పుష్కిన్ లెనిన్‌గ్రాద్ నుంచి మాంట్రియల్‌కు తిరిగేది. 1991లో కొని గ్రీసులో రెండేళ్లు పెట్టి మార్కో పోలోగా మార్చారు. మంచు తట్టుకునే హల్ కావడంతో అంటార్కిటికా విహారాలకు బాగా పనికొచ్చింది, 2020 వరకు తిరిగింది. అంతకన్నా ముసలిది స్టాక్‌హోమ్: 1956లో ఇటాలియన్ లైనర్ ఆండ్రియా డోరియాను ఢీకొట్టి ముంచినది ఇదే. 1994లో జెనోవాలో హల్ తప్ప దాదాపు అన్నీ కొత్తవి పెట్టి, వెనక బాతు తోక తగిలించి ఇటాలియా ప్రిమా చేశారు. తర్వాత ఎన్నో పేర్లు మార్చుకుని, చివరికి ఆస్టోరియాగా ఇదీ 2020 దాకా పనిచేసింది.

నిప్పు

పాత ఓడల్లో చెక్క పని కళ్లకు ఇంపుగా ఉంటుంది, అంతే సులువుగా అంటుకుంటుంది. 1930 నాటి డచ్ లైనర్ యోహాన్ ఫాన్ ఓల్డెన్‌బార్నెవెల్ట్‌ను గ్రీకులు కొని లకోనియాగా మార్చారు. 1963 డిసెంబరులో క్రిస్మస్ విహారానికి వెళ్తుండగా మడీరా దగ్గర క్షౌరశాలలో నిప్పు పుట్టి 128 మంది చనిపోయారు. రెండేళ్లకు మయామీ నుంచి నాసావ్ వెళ్తున్న యార్మత్ కాజిల్ కాలి మునిగి 90 మంది పోయారు. అది 1927 నాటి ఓడ. ఆ దెబ్బతో 1966లో అంతర్జాతీయ నౌకా భద్రతా నిబంధనలూ (సోలాస్) అమెరికన్ చట్టమూ బిగిశాయి. 1990లో స్కాండినేవియన్ స్టార్ ఫెర్రీ ప్రమాదం తర్వాత 1992లో మరింత కఠినమయ్యాయి: పాత ఓడలకూ స్ప్రింక్లర్లు పెట్టాలి, గడువులు దాటేలోపు మండే సామగ్రి తీసేయాలి. ఆఖరి గడువు 2010 అక్టోబరు. ముప్ఫయ్యేళ్లు పడని ఓడలు ఆ కాగితంతో పడిపోయాయి. చెక్క గోడలు పీకి కొత్తవి పెట్టడం కన్నా తుక్కుకు అమ్మడం చవక.

ఫ్రాన్స్ లాంటి 1960ల ఓడల్లో చెక్క దాదాపు లేదు. ఎందుకంటే నిప్పుకు భయపడి గోడల నిండా ఆస్బెస్టాస్ పలకలు వాడారు. ప్రయాణికుల్ని కాపాడటానికి పెట్టిన ఆ పదార్థమే నలభై ఏళ్లకు ఓడను విరిచే కూలీలకు ప్రాణగండమైంది.

2003 మే 25న మయామీ రేవులో కట్టేసి ఉన్న నార్వేలో బాయిలర్ పేలి ఎనిమిది మంది సిబ్బంది మరణించారు. లోపల లోహం ఏళ్ల తరబడి అలసి బీటలు వారిందని, బాయిలర్‌ను నడిపిన తీరూ, తనిఖీలూ, మరమ్మతులూ సరిగా లేవని అమెరికా రవాణా భద్రతా సంస్థ తేల్చింది. అట్లాంటిక్ దాటేటప్పుడు రోజుల తరబడి ఒకే వేడి మీద నడవడానికి కట్టిన బాయిలర్లు అవి. వారం వారం వెలిగించి ఆర్పే విహార జీవితం వాటికి సరిపడేది కాదు.

ఆలంగ్

గుజరాత్‌లోని ఆలంగ్ తీరంలో సముద్రం పెద్ద ఎత్తున పొంగి తీస్తుంది. పోటు మీద ఓడను పూర్తి వేగంతో ఒడ్డుకు తోలితే, ఆటుకు అది బురదలో కూర్చుండిపోతుంది. పాత లైనర్లలో ఎన్నో అక్కడే ముగిశాయి. కార్నివాల్ తొలి మూడు ఓడలూ, సిట్మార్ రెండు ఓడలూ, 2021లో మార్కో పోలో, అన్నీ వేరే వేరే పేర్లతో అక్కడికే వచ్చాయి.

వాటిలో గొడవ రేపింది నార్వే. బాయిలర్ పేలాక జర్మనీకి, అక్కణ్ణుంచి మలేసియాకు వెళ్లి, చివరికి బ్లూ లేడీ అన్న పేరుతో భారత జలాల్లోకి వచ్చింది. లోపల వెయ్యి టన్నులకు పైగా ఆస్బెస్టాస్ కలిసిన సామగ్రి ఉందని పర్యావరణ సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 2006 ఆగస్టు 15న ఓడ ఒడ్డెక్కింది. విరవడానికి మాత్రం 2007 సెప్టెంబరు 11న గానీ కోర్టు షరతులతో అనుమతి ఇవ్వలేదు. ప్రమాదకర వ్యర్థాలున్న ఓడలను విరిచే పద్ధతులపై మన దేశంలో జరిగిన చర్చలో ఆ కేసు పేరు తప్పక వస్తుంది.

మిగిలినవి

అసలు మార్చనే మార్చని లైనర్ ఒకటుంది. 1952లో తొలి ప్రయాణంలోనే అట్లాంటిక్ రికార్డు కొట్టిన అమెరికన్ ఓడ యునైటెడ్ స్టేట్స్ 1969లో ఆగింది. 1990లలో లోపలి ఆస్బెస్టాస్ అంతా తీయించారు, అంటే ఖాళీ గుల్లగా మిగిలింది. 2003లో నార్వే యజమానులే దాన్ని కొన్నారు, ముట్టుకోలేదు. 2016లో క్రిస్టల్ క్రూయిజెస్ ఆరు నెలలు పరిశీలించి, నేటి నిబంధనలకు సరిపోవాలంటే హల్‌లోనే నాలుగో వంతు వరకు మార్చాలని లెక్కతేల్చి తప్పుకుంది. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా నుంచి అలబామాకు లాక్కెళ్లారు, ఫ్లోరిడా తీరంలో చేపలకు కృత్రిమ దిబ్బగా ముంచడానికి.

కొన్ని ఓడలు హోటళ్లయ్యాయి. క్వీన్ మేరీ 1967 నుంచి కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో ఉంది. క్వీన్ ఎలిజబెత్ 2 దుబాయ్‌లో 2018 నుంచి అతిథుల్ని తీసుకుంటోంది. రోటర్‌డామ్ 2010 నుంచి పుట్టిన ఊరి రేవులోనే హోటల్. దాన్ని అందుకు సిద్ధం చేసింది ఒక డచ్ గృహనిర్మాణ సంస్థ. ఆస్బెస్టాస్ తీయించడంతో మొదలైన ఖర్చు పెరిగి పెరిగి ఇరవై కోట్ల యూరోలు దాటింది. పేదలకు ఇళ్లు కట్టాల్సిన డబ్బు ఓడలో ఎలా పోశారన్న వివాదం పార్లమెంటు దాకా వెళ్లింది. కొద్ది ఏళ్లకే ఆ సంస్థ ఓడను ఒక హోటల్ గ్రూపుకు సుమారు మూడు కోట్ల యూరోలకు అమ్మేసింది.